కెటమిన్ ఇచ్చే ఆ వారం రోజులు: ఓసీడీ చికిత్సలో ఆశ ఎంత, ఆధారం ఎంత

గ్యాస్ కట్టేశామో లేదో అని ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోవడం అందరూ చేసే పనే. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక జబ్బు ఉన్న మనిషి చూసుకునే తీరు వేరు. నాబ్ మూసే ఉందని కంటికి కనిపిస్తుంది. వేలు పెట్టి చూస్తే వేలికీ తెలుస్తుంది. 'కట్టేశాను, కట్టేశాను' అని పైకి అనుకోవడం కూడా అవుతుంది. తలుపుకు తాళం వేసి నాలుగు మెట్లు దిగేసరికి, ఇందాక వేలు పెట్టినప్పుడు నాబ్ కాస్త కదిలిందేమో అన్న అనుమానం మొదలవుతుంది. మళ్లీ పైకి. ఈసారి ఫోన్‌లో ఫొటో తీసుకుంటారు. బస్సెక్కాక ఆ ఫొటో తీసి చూస్తారు, పెద్దది చేసి చూస్తారు, ఇది ఇవాళ్టిదేనా నిన్నటిదా అని టైమ్ చూస్తారు. అనుమానం తీర్చుకోవడానికి చేసిన ప్రతి పనీ ఇంకో అనుమానానికి చోటిస్తుంది. గానుగెద్దు ఎంత నడిచినా అక్కడే తిరిగినట్టు, పొద్దున మొదలైన ఆలోచన రాత్రికి కూడా ఆ నాబ్ చుట్టూనే ఉంటుంది.

దీన్ని చాలామంది చాదస్తం అని తీసిపారేస్తారు. చాదస్తం ఉన్న మనిషికి తన పద్ధతి తనకు ముద్దు. ఎదుటివాళ్లు దాన్ని పాటించకపోతే కోపం వస్తుంది. ఓసీడీ అలా కాదు. తాను చేస్తున్నది అర్థం లేని పని అని ఆ మనిషికి ఎక్కువసార్లు తెలుసు. తెలిసి కూడా ఆపలేకపోవడమే అసలు నరకం. బయటికి ఏమీ కనిపించని ఓసీడీ కూడా ఉంది. కన్నబిడ్డకు తన చేతులతోనే ఏదైనా హాని చేసేస్తానేమో అన్న భయంతో వణికిపోయే తల్లి, ఆ మాట ఎవరితోనూ అనలేక, మనసులోనే వందసార్లు 'నేను అలాంటిదాన్ని కాదు' అని లెక్కపెట్టుకుంటూ ఉండొచ్చు. నూటికి సుమారు ఇద్దరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు బారిన పడతారు. చాలామందికి ఇది టీనేజీలోనో, ఇరవైల్లోనో మొదలవుతుంది. సరైన వైద్యం దగ్గరికి చేరేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఇలాంటి జబ్బుకు, ఆపరేషన్ థియేటర్లలో వాడే ఒక మత్తుమందు కొన్ని గంటల్లోనే ఉపశమనం ఇస్తుందని పదేళ్లకు పైగా వినిపిస్తోంది. ఆ మందు కెటమిన్. ఈ మాటలో నిజం ఉంది. అయితే ఆ నిజం చిన్నది, దానికి హద్దులున్నాయి. ఆ హద్దులు తెలియకుండా ఆశపెట్టుకున్నవాళ్లు గట్టి దెబ్బ తింటారు కాబట్టి, ఆధారాలను ఒక్కొక్కటిగా పట్టి చూడాలి.

ఇప్పుడున్న వైద్యం ఎక్కడ ఆగిపోతోంది

ఓసీడీకి మందే లేదన్న రోజులు ఎప్పుడో పోయాయి. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ ఒక కొత్త పద్ధతి ప్రయత్నించారు. రోగిని భయపెట్టే వస్తువుకు దగ్గరగా తీసుకెళ్లి, ఆ తర్వాత అలవాటుగా చేసే కడుగుడు, తుడుపు లాంటి పనులు చేయనివ్వకుండా ఆపడం. వినడానికి కర్కశంగా ఉన్నా, అది పనిచేసింది. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ పేరుతో ఈనాటికీ ఓసీడీకి మొదటి వరస చికిత్స అదే. నాబ్ ఒక్కసారి కట్టి, ఫొటో తీయకుండా బయటికి వచ్చి, ఆ టెన్షన్‌ను భరిస్తూ కూర్చోవాలి. కాసేపటికి టెన్షన్ దానంతటదే కొంత దిగుతుంది. దిగకపోయినా, దాన్ని మోస్తూనే బతకొచ్చని, భయపడినంత ఏమీ జరగలేదని మెదడుకు అనుభవంలోకి వస్తుంది. అలా పదిసార్లు, వందసార్లు చేయాలి.

మందుల వైపు నుంచి క్లోమిప్రమిన్ ముందుగా వచ్చింది. ఓసీడీకి వాడేందుకు 1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. తర్వాత ఫ్లూఆక్సెటిన్, ఫ్లూవోక్సమిన్, సెర్ట్రలిన్ లాంటివి వచ్చాయి. ఇవన్నీ మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసేవే. ఓసీడీకి వీటిని సాధారణంగా డిప్రెషన్‌కు ఇచ్చే దానికన్నా ఎక్కువ మోతాదులో ఇవ్వాల్సి వస్తుంది. ఫలితం తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగాలి. ఇంత ఆగినా, మందు వాడినవాళ్లలో దాదాపు సగం మందికి చెప్పుకోదగ్గ మార్పు రాదు.

మార్పు వచ్చింది అంటే ఏమిటన్నది కూడా విప్పి చూడాల్సిన మాటే. ఓసీడీ తీవ్రతను కొలవడానికి వాడే యేల్-బ్రౌన్ స్కేలుకు మొత్తం 40 మార్కులు. ఎన్ని ఎక్కువ వస్తే జబ్బు అంత ముదిరినట్టు. పరిశోధనల్లో ఆ స్కోరు 35 శాతం తగ్గితే రోగి 'స్పందించాడు' అని రాసుకోవడం రివాజు. ముప్పై మార్కులున్న మనిషి పంతొమ్మిదికి దిగితే ఆ లెక్కలో విజయం కిందే వస్తుంది. కానీ పంతొమ్మిది అంటే ఇంకా మధ్యస్థాయి జబ్బే. రోజుకు ఆరు గంటలు సింకు దగ్గర గడిపే మనిషి మూడు గంటలకు దిగినా, ఆ మూడు గంటలు మాత్రం మిగిలే ఉన్నాయి. కెటమిన్ గురించి వచ్చే ఏ శాతాన్ని చదివినా ఈ లెక్క గుర్తుండాలి.

మందు ఎక్కించే 40 నిమిషాలు

కెటమిన్ కొత్త మందు కాదు. 1962లో పార్క్-డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశారు. 1970లో మత్తుమందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. మిగతా చాలా మత్తుమందుల్లా ఇది ఊపిరిని అంతగా అణిచివేయదు, బీపీని పడిపోనివ్వదు. అందుకే యుద్ధరంగంలోనూ, వసతులు తక్కువగా ఉన్న ఆస్పత్రుల్లోనూ దీన్ని నమ్ముకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఇది దశాబ్దాలుగా ఉంది.

మానసిక వైద్యంలోకి ఇది వచ్చిన దారి వేరు. 2000లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు డిప్రెషన్ ఉన్న కొద్దిమందికి, మత్తు ఇచ్చే మోతాదు కన్నా బాగా తక్కువలో కెటమిన్ ఇచ్చి చూశారు. వారాలు పట్టాల్సిన మార్పు రోజుల్లో కనిపించింది. 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జరిగిన అధ్యయనం దీన్ని బలపరిచింది. 2019 మార్చిలో, కెటమిన్‌కు దగ్గరి రూపమైన ఎస్‌కెటమిన్‌ను ముక్కులో కొట్టే స్ప్రేగా, మొండి డిప్రెషన్‌కు వాడటానికి ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆ అనుమతి డిప్రెషన్‌కు. ఓసీడీకి కెటమిన్‌ను గానీ, ఎస్‌కెటమిన్‌ను గానీ ఎఫ్‌డీఏ అనుమతించలేదు. ఈ ఒక్క వాక్యం చాలా ప్రకటనల్లో కనిపించదు.

ఇచ్చే పద్ధతి పైకి చాలా మామూలుగా ఉంటుంది. శరీర బరువు కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున మందు లెక్కగట్టి, సెలైన్‌లో కలిపి, 40 నిమిషాల పాటు నరంలోకి ఎక్కిస్తారు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, చేతికి బీపీ పట్టీ ఉంటాయి. కాసేపటికి చుట్టూ ఉన్న శబ్దాలు దూరంగా జరిగినట్టు అనిపించొచ్చు. చెయ్యి తనదే అయినా తనది కానట్టు, కాలం సాగిపోతున్నట్టు, గదిలో కాస్త పైన తేలుతున్నట్టు ఉండొచ్చు. కొందరికి ఇది హాయిగా ఉంటుంది, కొందరికి భయం పుడుతుంది. సెలైన్ ఆపాక గంటా రెండు గంటల్లో ఆ స్థితి చాలావరకు దిగిపోతుంది. మందు రక్తంలో సగానికి తగ్గడానికి రెండున్నర గంటల నుంచి మూడు గంటలు చాలు. అంటే వారం తర్వాత కూడా ఏదైనా మేలు మిగిలి ఉంటే అది రక్తంలో ఉన్న మందు వల్ల కాదు. మందు వెళ్లిపోయాక మెదడులో జరిగిన మార్పు వల్ల.

పదిమంది, పదిహేనుమంది

ఓసీడీ విషయానికి వస్తే, జనంలో ఉన్న నమ్మకానికీ పరిశోధనల పరిమాణానికీ పొంతన లేదు. ఎక్కువసార్లు ప్రస్తావనకు వచ్చే అధ్యయనాలు రెండు. రెండింట్లోనూ కలిపి ఒక చిన్న తరగతి గదికి సరిపడా మనుషులు కూడా లేరు.

మొదటిది 2012లో యేల్ నుంచి వచ్చింది. ఏ వైద్యానికీ లొంగని ఓసీడీ ఉన్న పదిమందికి ఒక్కసారి కెటమిన్ ఎక్కించి చూశారు. పోల్చడానికి మందు లేని ఉత్త సెలైన్ (ప్లాసిబో) ఇచ్చిన గ్రూపు లేదు. మొదటి మూడు రోజుల్లో 35 శాతం తగ్గుదల ఒక్కరిలోనూ రాలేదు. అదే మనుషుల్లో, డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లలో, డిప్రెషన్ లక్షణాలు మాత్రం బాగానే తగ్గాయి. ఒకే శరీరంలో, ఒకే మందు, ఒక జబ్బును కదిలించి ఇంకోదాన్ని దాదాపు ముట్టుకోలేదు. డిప్రెషన్‌కు పనిచేసింది కాబట్టి ఓసీడీకీ పనిచేస్తుందిలే అనుకోవడం ఎంత తొందరపాటో ఈ ఒక్క ఫలితం చాలు చూపడానికి.

రెండోది 2013లో వచ్చింది. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ బృందం, కరొలిన్ రోడ్రిగెజ్ ఆధ్వర్యంలో, పదిహేనుమందితో చేసిన పరీక్ష ఇది. ఎవరికి ముందు కెటమిన్, ఎవరికి ముందు ఉత్త సెలైన్ అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. వారం తర్వాత చూస్తే, కెటమిన్ ముందు తీసుకున్నవాళ్లలో 50 శాతం మంది స్పందించారు. సెలైన్ తీసుకున్నవాళ్లలో సున్నా. వార్తల్లో మోగిన అంకె ఇదే. ఆ 50 శాతాన్ని తలలుగా లెక్కపెడితే ఎనిమిది మందిలో నలుగురు. అవతలి వైపు ఏడుగురు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ అయితే శాతం తలకిందులయ్యే స్థితి.

అయినా ఈ అధ్యయనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నిజానికి అందరికీ రెండూ ఇచ్చి పోల్చాలన్నది మొదటి ఆలోచన. కెటమిన్ ముందు తీసుకున్నవాళ్లలో కొందరు వారం దాటినా పాత స్థితికి తిరిగి రాలేదు. దాంతో రెండో విడత లెక్క చెడిపోయి, మొదటి విడతనే చూడాల్సి వచ్చింది. పరిశోధనకు ఇది ఇబ్బంది, రోగికి మాత్రం ఆశ. పైగా సాధారణంగా ఓసీడీలో ప్లాసిబోకు వచ్చే స్పందన డిప్రెషన్‌లో కన్నా తక్కువగా ఉంటుంది. ఉత్త సెలైన్‌కు కరిగిపోయే జబ్బు కాదిది.

మరి రెండు ఫలితాలకూ అంత తేడా ఎందుకొచ్చింది? ఎవరిని ఎంచుకున్నారో చూస్తే కొంత అర్థమవుతుంది. యేల్‌లో చేరినవాళ్లు ఎన్నో మందులు వాడి విసిగిపోయినవాళ్లు, చాలామందికి డిప్రెషన్ కూడా తోడుగా ఉంది. న్యూయార్క్ వాళ్లు ఏ మందూ వాడని సమయంలో ఉన్నారు. డిప్రెషన్ ఉన్నా స్వల్పమే. అన్నిటికన్నా ముఖ్యంగా, అనవసర ఆలోచనలు దాదాపు క్షణం తెరిపి లేకుండా వేధించేవాళ్లనే తీసుకున్నారు. నిరంతరం మోగే అలారం ఆగితే ఆ నిశ్శబ్దం వెంటనే తెలుస్తుంది. అప్పుడప్పుడూ మోగేది ఆగిందో లేదో మూడు రోజుల్లో చెప్పడం కష్టం. ఈ రెండు గుంపులకూ ఓసీడీ అన్న పేరు ఒక్కటే, జబ్బు స్వభావం ఒక్కటి కాకపోవచ్చు.

తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు, మందులకు లొంగని పద్నాలుగు మంది ఓసీడీ రోగులకు పలుమార్లు కెటమిన్ ఎక్కించిన అనుభవాన్ని 2020లో ప్రచురించారు. అక్కడా గట్టిగా బాగుపడినవాళ్లు కొద్దిమందే. నిత్యం ఆస్పత్రికి వచ్చే ముదిరిన కేసుల్లో ఈ మందు ఎంతవరకు లాగగలదో చెప్పడానికి, ఏరికోరి ఎంచుకున్న పరిశోధన రోగుల కన్నా ఇలాంటి అనుభవాలే నిజానికి దగ్గరగా ఉంటాయి.

ఇంకో చిక్కు ఉంది, అది కెటమిన్‌ను వదలని చిక్కు. మంచి పరీక్షలో రోగికి తనకు మందు ఇచ్చారో, ఉత్త నీళ్లు ఇచ్చారో తెలియకూడదు. గాల్లో తేలుతున్నట్టు అనిపించిన మనిషికి తనకు సెలైనే ఇచ్చారని ఎలా నమ్మించాలి? తెలిసిపోతే ఆశ పనిచేస్తుంది. అవతలి గ్రూపులో నిరాశ పనిచేస్తుంది. దీన్ని తప్పించడానికి సెలైన్ బదులు, కాస్త మగతనిచ్చే మిడజోలమ్‌తో పోలుస్తున్నారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు డిప్రెషన్ ఉన్న 40 మందిలో ఇంకా గట్టి పరీక్షే పెట్టారు. వేరే ఏదో ఆపరేషన్ కోసం పూర్తి మత్తులో ఉన్నప్పుడు సగం మందికి కెటమిన్, సగం మందికి సెలైన్ ఇచ్చారు. మత్తులో ఉన్నవాళ్లకు తేలే అనుభవమే ఉండదు కదా. రెండు గ్రూపులూ బాగుపడ్డాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. దీంతో కెటమిన్ ఉత్తదని తేలిపోలేదు. మత్తుమందులే ఏదైనా చేశాయేమో, అనుభవం లేకుండా మందు పనిచేయదేమో, ఎదురుచూపే సగం వైద్యమేమో, దేనినీ కొట్టిపారేయలేం. ఓసీడీకి సంబంధించిన చిన్న పరీక్షలను చదివేటప్పుడు ఈ అనుమానం పక్కన పెట్టుకునే చదవాలి.

తలలో తిరిగే చక్రం

కెటమిన్ ఓసీడీకి ఎందుకు పనిచేయొచ్చు అన్న ప్రశ్నకు వెనక ఒక బలమైన ఆలోచన ఉంది. కళ్ల వెనక, నుదుటి భాగంలో ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ 'ఏదో తప్పు జరిగింది' అని హెచ్చరిస్తుంది. ఆ కబురు మెదడు లోపలి స్ట్రయేటమ్‌కు, అక్కడి నుంచి థాలమస్‌కు, మళ్లీ నుదుటి భాగానికి తిరిగి వస్తుంది. మామూలుగా పని పూర్తయితే కబురు ఆగాలి. ఓసీడీలో ఈ చక్రం అవసరానికి మించి తిరుగుతున్నట్టు స్కానింగుల్లో పదేపదే కనిపించింది. కన్ను 'కట్టేసి ఉంది' అంటున్నా మనసు 'అయినా సరే' అంటుంది. అందుకే ఎన్నిసార్లు చూసినా చూసినట్టుండదు.

ఈ చక్రంలో కబురు మోసే ముఖ్య రసాయనం గ్లుటమేట్. 2005లో నిమ్హాన్స్ పరిశోధకులే, మందులు మొదలుపెట్టని ఓసీడీ రోగుల వెన్నునీటిలో గ్లుటమేట్ మామూలు కన్నా ఎక్కువగా ఉందని చూపించారు. 2007లో అమెరికాలో, స్ట్రయేటమ్‌లోని గ్లుటమేట్ కనెక్షన్లకు అవసరమైన సాపాప్-3 అనే జన్యువును తీసేసిన ఎలుకలు, ముఖం మీద బొచ్చు ఊడి పుండ్లు పడేదాకా తమను తాము రుద్దుకుంటూనే ఉండటం గమనించారు. అదే రకం ఎలుకలకు కెటమిన్ ఇస్తే ఆ రుద్దుడు తగ్గిందని 2021లో మరో అధ్యయనం చెప్పింది. ఎలుక రుద్దుకోవడం, మనిషి పాపభయంతో చేతులు కడుక్కోవడం ఒకటేనని ఎవరూ అనరు. కానీ దారి ఎటుందో అది చూపించింది.

కెటమిన్ గ్లుటమేట్ తాళాల్లో ఒకటైన ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది. దాని వల్ల కాసేపు గ్లుటమేట్ పొంగి, వేరే రిసెప్టర్ల ద్వారా కొత్త కనెక్షన్లు మొలకెత్తే ప్రక్రియ మొదలవుతుందన్నది జంతువుల్లో గట్టిగా కనిపించిన సంగతి. మనిషి విషయంలో కథ ఇంత సాఫీగా లేదు. ఓసీడీ రోగులకు స్కానర్‌లో ఉండగానే కెటమిన్ ఎక్కించి చూస్తే, అనుకున్నట్టు గ్లుటమేట్‌లో మార్పు దొరకలేదు, మెదడును నెమ్మదింపజేసే గాబా మాత్రం పెరిగింది. మందు ముందు దొరికింది, కారణం ఇంకా వెతుకుతున్నారు.

దీపం ఉండగా

కనెక్షన్లు కొత్తగా మొలకెత్తే ఆ కొన్ని రోజుల్ని ఏం చేసుకున్నామన్నదే అసలు ప్రశ్న అని ఈ వ్యాసం అభిప్రాయం. ఒక్క డోసు ఇచ్చే ఉపశమనం చాలామందిలో రోజుల్లోనో, వారం రెండు వారాల్లోనో కరిగిపోతుంది. మెత్తబడిన మట్టి ఆరిపోయేలోపు అచ్చు పోయకపోతే పాత ఆకారమే మళ్లీ గట్టిపడుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని పెద్దలు చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ ఆలోచనతోనే రోడ్రిగెజ్ బృందం 2016లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించింది. పదిమందికి ఒక్కసారి కెటమిన్ ఎక్కించి, ఆ వెంటనే రెండు వారాల్లో గంట చొప్పున పది ఎక్స్‌పోజర్ సెషన్లు పెట్టారు. మామూలుగా ఈ చికిత్సకు ఇంతకన్నా ఎక్కువ సెషన్లు పడతాయి. పూర్తిచేసినవాళ్లలో సగానికి పైగా స్పందించారు. పోల్చడానికి ఇంకో గ్రూపు లేదు కాబట్టి, ఇందులో కెటమిన్ వాటా ఎంత, ఎక్స్‌పోజర్ వాటా ఎంత అన్నది విడదీయలేం. అయినా అన్ని అధ్యయనాల్లోకీ రోగికి పనికొచ్చే ఆలోచన ఇదే.

ఎందుకో మళ్లీ ఆ గ్యాస్ నాబ్ దగ్గరికి వెళ్లి చూడొచ్చు. కెటమిన్ తర్వాతి రోజు, అనుమానం గొంతు తగ్గింది. ఆ మనిషి ముందు రెండు దారులున్నాయి. ఒకటి, 'హమ్మయ్య, ఇవాళ భయం లేదు' అని ఒక్కసారే నాబ్ చూసి, ప్రశాంతంగా ఆఫీసుకు వెళ్లిపోవడం. బాగానే ఉంటుంది. కానీ భయం లేనప్పుడు వెనక్కి తిరగకపోవడం వల్ల మెదడు కొత్తగా నేర్చుకునేది తక్కువ. రెండోది, థెరపిస్టుతో కలిసి కావాలనే ఆ భయాన్ని కాస్త రేపడం. స్టవ్ వెలిగించి, కట్టి, చూపు తిప్పేసి, 'కట్టానో లేదో నాకు తెలియదు' అని పైకి అంటూ తాళం వేయడం. మెట్ల మీద కాళ్లు వెనక్కి లాగుతాయి. ఇదివరకు పదికి పది ఉండే లాగుడు ఇప్పుడు పదికి ఆరు ఉంటుంది. ఆరును భరించొచ్చు. పదిని చూసి మొదటి సెషన్‌కే పారిపోయిన మనిషి ఆరు దగ్గర నిలబడగలడు. ఎక్స్‌పోజర్ చికిత్సను భయంతో వద్దనేవాళ్లు, మధ్యలో మానేసేవాళ్లు తక్కువేమీ కాదు. కెటమిన్ వాళ్లకు ఆ మెట్టు ఎత్తు తగ్గించగలిగితే అది చిన్న సహాయం కాదు.

ఓసీడీకే ప్రత్యేకమైన ప్రమాదం

కెటమిన్ దుష్ప్రభావాల జాబితా చాలాచోట్ల దొరుకుతుంది: బీపీ పెరగడం, వికారం, తల తిరగడం, అయోమయం. అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనిపించడం, వినిపించడం లాంటి స్థితి) వచ్చినవాళ్లకు, గర్భిణులకు, మత్తు అలవాటు ఉన్నవాళ్లకు సాధారణంగా దీన్ని ఇవ్వరు. ఎక్కువ మోతాదుల్లో చాలాకాలం వాడినవాళ్లలో మూత్రాశయం లోపలి పొర పాడై, నెత్తురు పడటం, నిమిషాల తేడాతో మూత్రానికి పరుగెత్తడం చూశారు. పర్యవేక్షణలో ఇచ్చే కొద్ది డోసులకు ఇంత ప్రమాదం కనిపించలేదు. అయితే నెలనెలా, ఏళ్ల తరబడి ఎక్కించుకుంటే ఏమవుతుందన్న దానికి ఓసీడీలో సరిపడా సమాచారం లేదు.

వీటికన్నా ఎక్కువ చెప్పుకోవాల్సింది, తక్కువ చెప్పుకునేది, ఒకటుంది. ఓసీడీ దేన్నయినా తన పూజలో భాగం చేసుకోగల జబ్బు. ఉపశమనం ఇచ్చిన ప్రతి వస్తువూ దానికి కొత్త ఆచారమే. కెటమిన్ ఎక్కించుకున్న మర్నాటి నుంచే 'ఆ ఆలోచన పోయిందా, ఇంకా ఉందా' అని గంటగంటకూ లోపల వెతుక్కోవడం మొదలైతే, అది నాబ్ చూసుకోవడానికి ఇంకో రూపమే. వెతికితే ఆలోచన దొరుకుతుంది, దొరకగానే 'మందు పనిచేయలేదు, ఇంకో డోసు కావాలి' అన్న గాభరా వస్తుంది. పట్టు తప్పుతానేమో, పిచ్చెక్కుతుందేమో అన్న భయమే ముఖ్య లక్షణంగా ఉన్నవాళ్లకు, తన శరీరం తనది కానట్టు అనిపించే ఆ 40 నిమిషాలు వారాల పాటు నమలడానికి మేత అవుతాయి. ముందే కూర్చోబెట్టి, ఏం అనిపిస్తుంది, ఎంతసేపు ఉంటుంది, మర్నాడు లోపల వెతుక్కోవద్దు అని చెప్పే డాక్టరు దొరకడం మందు దొరకడం అంత ముఖ్యం.

ఇంట్లో ఒంటరిగా వాడటం సంగతి వేరే చెప్పాలి. పోస్టులో మాత్రలు, స్ప్రేలు పంపే వ్యాపారం పెరిగాక ఎఫ్‌డీఏ 2022లోనూ, 2023 అక్టోబరులోనూ దాని మీద హెచ్చరికలు జారీ చేసింది. అదే 2023 అక్టోబరు 28న అమెరికా నటుడు మాథ్యూ పెర్రీ చనిపోయారు. కెటమిన్ తీవ్ర ప్రభావమే ముఖ్య కారణమని శవపరీక్షలో తేలింది. ఆయన అంతకుముందు వైద్య పర్యవేక్షణలో కెటమిన్ తీసుకున్నారు, కానీ రక్తంలో దొరికిన మందు ఆ చికిత్సది కాదని నివేదిక చెప్పింది. చివరి చికిత్సకీ మరణానికీ మధ్య వారానికి పైగా వ్యవధి ఉంది, ఆ మందు గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ఎస్‌కెటమిన్ స్ప్రేను కూడా క్లినిక్‌లోనే కొట్టి, కనీసం రెండు గంటలు కూర్చోబెట్టి, మర్నాటిదాకా బండి నడపొద్దని చెప్పి పంపాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు.

వరసలో దీని చోటు

మొండి ఓసీడీ అని పేరు పడినవాళ్లలో చాలామందికి, విచారిస్తే, మొదటి వరస వైద్యమే పూర్తిగా అంది ఉండదు. మందు ఇచ్చారు, కానీ ఓసీడీకి సరిపడా మోతాదుకు పెంచలేదు. పెంచినా పన్నెండు వారాలు ఆగలేదు. కౌన్సెలింగ్ జరిగింది, కానీ అది కబుర్లు, ధైర్యవచనాలు. 'ఏం కాదులే' అని ప్రతి వారం భరోసా ఇచ్చే కౌన్సెలింగ్ ఓసీడీకి తిండి పెట్టినట్టే. నాబ్ ముందు నిలబెట్టి చేయించే ఎక్స్‌పోజర్ ఒక్క సెషన్ కూడా చూడకుండానే కెటమిన్ గది దాకా వచ్చేసినవాళ్లు ఉంటారు. ఈ వరస తప్పడం రోగి తప్పు కాదు. ఎక్స్‌పోజర్ సరిగా చేయించగల థెరపిస్టులు తక్కువ, సెలైన్ స్టాండు పెట్టడం తేలిక.

సెరటోనిన్ మందు సరిపోనప్పుడు రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి కలిపి చూస్తారు. 2013లో వచ్చిన ఒక పరీక్షలో, సెరటోనిన్ మందుకు రిస్పెరిడోన్ కలిపిన దానికన్నా ఎక్స్‌పోజర్ చికిత్స కలిపితేనే ఎక్కువ మేలు జరిగింది. అయస్కాంత తరంగాలతో చేసే డీప్ టీఎంఎస్‌కు ఓసీడీ కోసమే 2018లో ఎఫ్‌డీఏ ఆమోదం ఇచ్చింది. ఏదీ పనిచేయని అతి తీవ్రమైన కేసుల్లో మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే పద్ధతికి 2009 నుంచే పరిమిత అనుమతి ఉంది. కెటమిన్ ఇంకా ఈ వరసలో స్థిరమైన చోటు సంపాదించలేదు. అలాగని దాన్ని మూసేసిన తలుపు అనడం కూడా తప్పు. ఏళ్ల తరబడి ఒక్క నిమిషం తెరిపి ఎరగని మనిషికి వారం రోజుల నిశ్శబ్దం ఎంత విలువైనదో ఆ శబ్దం విననివాళ్లకు అంత సులభంగా తెలియదు. 'ఇలా కూడా ఉండొచ్చా' అని ఒక్కసారి తెలియడమే కొందరిని మళ్లీ వైద్యం వైపు నడిపిస్తుంది.

ఈ చికిత్సకు వెళ్లాలనుకునేవాళ్లు క్లినిక్‌లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇది ఓసీడీకి అనుమతి ఉన్న వాడకం కాదని రాతపూర్వకంగా చెబుతున్నారా? మందు ఎక్కించే గదిలో బీపీ, ఊపిరి చూసే మనిషి చివరిదాకా ఉంటారా? యేల్-బ్రౌన్ స్కోరు మందుకు ముందు, వారానికి, నెలకు రాస్తారా? ఎన్ని డోసులకు మార్పు లేకపోతే ఆపేస్తారో ముందే చెబుతారా? అన్నిటికన్నా ముందు అడగాల్సింది, ఎక్కువ క్లినిక్‌లు సిద్ధంగా లేనిది, ఇది: సోమవారం కెటమిన్ ఎక్కిస్తే, మంగళవారం నుంచి ఎక్స్‌పోజర్ ఎవరు చేయిస్తారు, ఎన్నింటికి రావాలి?